ముందే వచ్చిన చుక్క

నేను ఒక టెలిస్కోపును. పలమనేరులో ఒక పెంకుటింటి పెరట్లో, జామచెట్టు పక్కన ఉంటాను. ఆ రోజు మునెమ్మ నా ఎదుటే చెల్లెలు సుగుణకు సంచి సర్దింది. రెండు చీరలు, దుప్పటి, మరచెంబు, ఆసుపత్రి కాగితాలు. సర్దినవన్నీ తీసి మళ్లీ సర్దింది. వేలూరులో సుగుణ గుండెకు ఆపరేషన్. తోడుగా సుగుణ కోడలు వెళ్తోంది. ముప్పయ్యేళ్ల కిందట అదే ఊరికి వాళ్లమ్మకు ఇలాగే సంచి సర్ది పంపితే, సంచి ఒక్కటే తిరిగి వచ్చింది.

నన్ను చేసింది సుగుణే. సైన్సు టీచరుగా రిటైరయ్యాక చెన్నై పాత సామాన్ల బజారులో ఓడ కిటికీ గాజు కొని, నాలుగు నెలలు చేత్తో అరగదీసి అద్దం చేసింది. ఓడలో ఉన్నన్నాళ్లూ నేను రేవులో చేతులూపే వాళ్లనే చూశాను. సంచులంటే నాకూ భయమే. నా ఒళ్లు బోరు గొట్టం. వీధిలో వాళ్లు తొంగిచూసి, "నీళ్లు పడినాయా టీచరమ్మా?" అని అడుగుతారు. ఆకాశం వైపు తిప్పిన గొట్టంలో నీళ్లు వెతికే మనుషులంటే నాకు ముచ్చట.

సుగుణ చూసేది ఉపగ్రహాలను. వెంటపడితే అవి దొరకవు; దాటబోయే నక్షత్రం మీద నన్ను ఆపి కాచుకోవాలి. వెళ్తూ అక్క చేతిలో నోటుబుక్కు పెట్టింది. పనిచేయడం మానేసిన ఒక పాత ఉపగ్రహం ఫిబ్రవరి ఒకటి నుంచి పది సాయంత్రాలు ఏ వేళకు, ఏ నక్షత్రం పక్కన కనిపిస్తుందో అందులో ఉంది.

"చూసి టైము రాసిపెట్టక్కా. నేనొచ్చి చూస్తా."

"వస్తావు గదా?"

"రాకుంటే నీ అక్షరాలు ఎవురు దిద్దేది?"

మునెమ్మ బడికి పోలేదు; పొట్లాల కాగితాలు చూసి చదవడం నేర్చుకుంది. బస్సు తప్పిపోతుందన్న భయంతో గంట ముందే స్టాండులో కూర్చునే మనిషి. నా దగ్గరా అంతే, దీపాలు పెట్టకముందే కూర్చునేది. అందుకే పట్టుకోగలిగింది. మూడో తేదీన ఉపగ్రహం అర నిమిషం ముందే వచ్చింది. ఆరో తేదీన నాలుగు నిమిషాలు.

"పాపా, నీ చుక్క తొందరపడతా ఉంది," అని ఫోనులో చెప్పింది.

"కిందికి దిగిపోతా ఉందక్కా, దిగేకొద్దీ వేగంగా తిరుగుతాది. టైముకు కూర్చునే నాకైతే దొరికుండదు. నీ భయమే దాన్ని పట్టింది."

ఎనిమిదో తేదీన పదకొండు నిమిషాలు ముందొచ్చింది. ఆపరేషన్ తొమ్మిదిన. ఆ సాయంత్రం అది కనిపిస్తే చెల్లెలు తిరిగొస్తుందని మునెమ్మ ఎవరికీ చెప్పకుండా అనుకుంది. మధ్యాహ్నం నుంచే కూర్చుంది. చుక్కలన్నీ వచ్చాయి. అది రాలేదు.

కోడలు ఫోను చేసి బాగుందని చెప్పినా నమ్మలేదు. నాలుగో రోజు పొద్దున నీరసంగా సుగుణ గొంతు వినిపించింది.

"వచ్చిందా అక్కా?"

"రాలేదు పాపా."

"కాలిపోయుంటాది. దాన్ని కడాన చూసింది నువ్వే."

మునెమ్మ ఫోను పెట్టేసి, సుగుణ పరుపు తెచ్చి ఎండలో వేసింది.

ఇరవై ఆరున సుగుణ అదే సంచితో దిగి, నా పక్కన కూర్చుని నోటుబుక్కు దిద్దింది. చివరి పంక్తిలో దిద్దడానికి ఏమీ లేదు: "ఉపగ్రహం ఫిబ్రవరి 9న రాలేదు. ఆ తర్వాతా రాలేదు."