మూడో మడత

ప్రెస్సులో కాగితాలు కోసే కటింగ్ మాస్టారికి ఇరవై రెండేళ్లుగా ఒకటే సందేహం. చెల్లెలి మొగుడు నిజంగానే ఆ పాట దొంగిలించాడా? రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటూ, "దేవుడా, నేనన్నది నిజమేనా?" అని అడిగేవాడు. బదులు రాలేదు. అడిగి చేతులు దులుపుకునేవాడికి దేవుడు మాత్రం ఏం చెప్తాడు?

అన్నది ఆయనే మరి. బావ పాడిన పాట కాసెట్టుగా వచ్చి వీధివీధినా మోగుతున్న రోజులవి. అదే బాణీ మాస్టారు రేడియోలో విన్నాడు. ఏదో పరాయి భాష, అంతకు పదేళ్ల ముందు పాటట. ఇంటినిండా చుట్టాలున్న రోజు చూసి, "బావా, ఇది ఎత్తుకొచ్చిన పాట" అనేశాడు.

"అనుమతి తీసుకునే పాడాం బావగారూ. కంపెనీవాళ్లు ఆ సంగతి అట్ట మీద వేయించారు కూడా."

కాసెట్టు పెట్టెలోని అట్ట తీసి మడతలు విప్పితే అలాంటి ముక్క ఎక్కడా లేదు. ఆ ఏడే కంపెనీ మూతపడింది, అడగడానికి మనిషి లేడు. బావకు 'జిరాక్సు' అన్న పేరు ఖాయమైపోయింది. పాడటం మానేసి, మోటార్లకు తీగ చుట్టే కొట్టు పెట్టుకున్నాడు.

ఇప్పుడు మేనకోడలు కాలేజీ పోటీలో నాన్న పాట పాడతానని పేరిచ్చింది. దొంగపాటలు కుదరవు, అనుమతి ఉన్నట్టు శనివారంలోగా చూపిస్తేనే సరే అన్నారు సంగీతం మేడం. పిల్ల కాసెట్టు పట్టుకుని నేరుగా మాస్టారింటికి వచ్చింది.

"మామయ్యా, పాట మాది, మచ్చ నువ్వు వేసింది. నువ్వే తేల్చు."

"ఇన్నేళ్ల తర్వాత ఎక్కడని వెతకనే?"

లోపల్నుంచి భార్య అందుకుంది. "సందేహం వస్తే తీర్చుకోవాలి గానీ, పాలుపోసి పెంచుకుంటారా ఎవరైనా?"

పిల్ల వెళ్లాక మాస్టారు అట్ట చేతిలోకి తీసుకుని అంచు వెంట బొటనవేలు పోనిచ్చాడు. ముప్ఫయ్యేళ్లుగా కాగితం కోస్తున్న వేలది. ఒకచోట సన్నగా గరుకు తగిలింది. కత్తికి నొక్కు పడితే కోసిన ప్రతి కాగితం మీదా ఆ గాటు దిగుతుంది. అప్పట్లో తన మెషిన్ కత్తికి సరిగ్గా అలాంటి నొక్కే ఉండేది. అట్ట చుట్టూ ఉండాల్సిన ఎర్రగీత చూస్తే మూడు వైపులే ఉంది. నాలుగో వైపు గీత లేదంటే, అట్ట అక్కడితో అయిపోలేదు. ఎవరో కోసేశారు.

ఎవరో ఏమిటి! తనే. ఆ రోజు గుర్తొచ్చింది. మూడు మడతల అట్ట కంపెనీ తెచ్చిన పెట్టెల్లో పట్టలేదు. "మూడోది లేపెయ్" అన్నాడు ప్రెస్సు ఓనరు. లేపేశాడు. కోసేవాడు గీత చూస్తాడు గానీ రాత చూస్తాడా?

ప్రెస్సులో ఒక అలవాటుంది. ఏ పని చేసినా కోయని షీటు ఒకటి అటక మీద దాస్తారు, మళ్లీ ఆర్డరొస్తే చూసుకోవడానికి. మర్నాటి నుంచి మాస్టారు భోజనాల వేళ నిచ్చెనెక్కాడు.

"ఈ వయసులో ఎందుకు మాస్టారూ? జారిపడితే మీ ఆవిడకు నేను జవాబు చెప్పుకోవాలి" అన్నాడు ఓనరు.

"పడినా ఆ కాగితంతోనే పడతాను."

బుధవారం పెళ్లిపత్రికలు, మందుల అట్టలు. గురువారం ఎలుకలు కొట్టిన కట్టలు. దొరక్కపోతే ఎలా అన్నదానికన్నా, దొరికితే ఎలా అన్నదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. అయినా చెయ్యి ఆపలేదు. శుక్రవారం దొరికింది. మూడో మడత అడుగున చీమల బారులాంటి అక్షరాలు: 'మూలగీతం హక్కుదారుల అనుమతితో, రుసుము చెల్లించి, మన భాషలో పాడినది.' కింద ఆ పరాయి రచయిత పేరు.

శనివారం మేడం అది రెండుసార్లు చదివి పిల్ల పేరు జాబితాలోకి ఎక్కించారు. పాట గట్టెక్కింది. మాస్టారు బాకీపడ్డ మాటొకటి మిగిలింది.

ఆదివారం సాయంత్రం బావ కొట్టు గుమ్మంలో మాస్టారు నిలబడ్డాడు. మోటార్ల కోసం వచ్చినవాళ్లు ఇద్దరున్నారు. ఉండటమే మంచిదనుకున్నాడు.

"బావా, నువ్వు దొంగవి కాదు. నేనన్నది తప్పు. ఆ మూడో మడత కోసిందీ నేనే. నన్ను క్షమించు."

బావ చేతిలో తీగ ఆగింది. "పోన్లెండి బావగారూ. ఆరోజు నలభైమంది ముందన్నారు, ఇవాళ ఇద్దరి ముందన్నారు. అంతే చాలు."

"ఆ నలభైమందిలో ఇంకా ఉన్నవాళ్లందరి ఇళ్లకూ పొద్దుట్నుంచి తిరిగి చెప్పే వస్తున్నా. నువ్వే ఆఖరు."

"ముందు నా దగ్గరికే రావచ్చుగా?"

"వస్తే నువ్విలాగే పోన్లెండి అంటావు. నేను మిగతా ఇళ్లు ఎగ్గొడతాను. నా సంగతి నాకు తెలీదూ?"

బావ చుట్టిన తీగంతా విప్పేశాడు. కొస ముందుకు చాచి, "చుట్ల లెక్క తప్పించారు. మళ్లీ మొదట్నుంచి చుట్టాలి. ఈ కొస పట్టుకోండి" అన్నాడు.

మాస్టారు లోపలికొచ్చి పట్టుకున్నాడు.