గ్లాసు మీద చెంచా

ఆ హోటల్లో టేబులు దొరకడానికి మేనకోడలు నాలుగు నెలలు ఎదురుచూసింది. పొలాల మధ్య ఒక పాత మేడ, మొత్తం పన్నెండే టేబుళ్ళు. అక్కడ తినడానికే జనం ఎక్కడెక్కడినుంచో వస్తారని పత్రికల్లో ఒకటే పొగడ్తలు. కళ్ళ డాక్టరుగా తనకు ఉద్యోగం వచ్చింది కాబట్టి, తల్లి పోయిన దగ్గర్నుంచి తనను సాకిన మేనత్తకు అక్కడ భోజనం పెట్టించి తీరాలని పట్టుబట్టింది.

అత్తకు అరవై నాలుగేళ్ళు. ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. "తిండికోసం మూడు గంటల ప్రయాణమా? నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అంటూనే పెట్టె అడుగున దాచుకున్న మంచి బట్టలు తీసి కట్టుకుని కారెక్కింది.

కొత్త రోడ్డు కావడంతో ఎటు పోతున్నారో ఆమెకు తెలియలేదు. గేటు దగ్గర దిగినప్పుడూ పోల్చుకోలేదు. తెల్లటి రంగు వేసి, ముందు గోడంతా తీసేసి అద్దాలు బిగించారు. లోపలికి వెళ్ళి మెట్లెక్కుతుంటే మాత్రం ఆమె కాళ్ళకు ఏదో తెలిసింది. ఆరు మెట్లు, ఒక మలుపు, మళ్ళీ ఐదు. ఆఖరి మెట్టు మిగతావాటికంటే బెత్తెడు ఎత్తు. అత్త కిందికి చూడకుండానే పాదం పైకెత్తి వేసింది. వెనకే వస్తున్న మేనకోడలు తట్టుకుని తూలింది.

"చూసుకోవే, అది ఎత్తు మెట్టు," అంది అత్త. ఆ మాట అన్నాక, అది తనకెలా తెలిసిందా అని వెనక్కి తిరిగి మెట్టు వంక చూసింది.

మేడమీద గదిలో నాలుగు టేబుళ్ళున్నాయి. వాళ్ళది కిటికీ పక్కది. పాత ఎర్ర గచ్చు అలాగే ఉంచారు. కిటికీ కింద ఆ గచ్చులో నాలుగు చిన్న గుంటలు, ఒకప్పుడు మంచం కోళ్ళు నొక్కుకుపోయిన చోట. అత్త కుర్చీ సరిగ్గా వాటి మధ్యన ఉంది.

"ఏంటత్తా, మొహం అలా పాలిపోయింది? కారు పడలేదా?"

"ఏం లేదు. ఆకలి."

వడ్డించే అమ్మాయి ఒక్కొక్క పళ్ళెమే తెచ్చిపెట్టి, ఏ దుంప ఏ మడిలోదో, ఏది ఎన్ని గంటలు ఉడికిందో గుసగుసలాడినట్టు చెబుతోంది. మొత్తం పదకొండు రకాలట. మొదటిది బండి చక్రమంత పళ్ళెంలో గోరంత ముక్క. అత్త దాన్ని వంగి చూసింది.

"ఇది కనబడాలంటే పక్కన నీలాంటి డాక్టరు ఉండాల్సిందే."

మేనకోడలు పకపకా నవ్వింది. రుచి అద్భుతంగానే ఉంది. నోట్లో వేసుకోగానే వెన్నలా కరిగిపోతోంది. అయినా ఆమె ధ్యాస తిండి మీద లేదు. ఒకటే కిటికీ వైపు, ఆ గుంటల వైపు చూపు పోతోంది.

నాలుగో పళ్ళెం తీసేశారు. మధ్యాహ్నం రెండు గంటలు దాటింది. అప్పుడు వినబడింది, గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టిన చప్పుడు. మూడుసార్లు, తర్వాత కాస్త ఆగి మళ్ళీ మూడుసార్లు.

వడ్డించే అమ్మాయి గబగబా వచ్చింది. "పిలిచారా మేడమ్?"

"లేదే," అంది మేనకోడలు. "పక్కవాళ్ళేమో."

పక్క టేబులు వాళ్ళూ ఎవరా అని అటూ ఇటూ చూస్తున్నారు. ఆ అమ్మాయి క్షమించమని చెప్పి వెళ్ళింది. నాలుగడుగులు వేసిందో లేదో మళ్ళీ అదే చప్పుడు, ఈసారి నెమ్మదిగా. ఆమె వెనక్కి తిరిగింది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు, అలసట ఉంది. అత్త అది పట్టేసింది.

"రోజూ ఇంతేనామ్మా?"

ఆ అమ్మాయి చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఎవరితో అనకండి మేడమ్. ఈ టేబుల్ దగ్గరే, ఈ టైముకే వస్తుంది. మా చెఫ్‌గారు కిటికీ అద్దాలు మార్పించారు, గోడలో పైపులు తీయించారు. ఏం చేసినా ఆగలేదు. ఎవరూ పిలవలేదని తెలిసినా ఊరుకోలేక వచ్చేస్తాం."

"నువ్వు వస్తున్నావు. అదే చాలు," అంది అత్త. "ఒక గ్లాసుతో గోరువెచ్చటి నీళ్ళు తెచ్చిపెడతావా?"

నీళ్ళు వచ్చాయి. అత్త లేచి, కిటికీకి ఎడమవైపు, ఒకప్పుడు మంచం తలవైపు ఉండే చోట, గట్టు మీద గ్లాసు పెట్టింది. "వచ్చాను తల్లీ," అంది చాలా మెల్లగా. "ఇదుగో నీళ్ళు."

చప్పుడు ఆగిపోయింది.

మేనకోడలు బిత్తరపోయి చూస్తోంది. గదిలో మాటలు మళ్ళీ మొదలయ్యాయి, పళ్ళేలు వస్తూ పోతూ ఉన్నాయి. అత్త మాత్రం ఆ గ్లాసు దగ్గరే నిలబడిపోయింది. ఆ రోజు కూడా సరిగ్గా ఇలాగే ఆగిపోయింది.

కుర్చీలో కూలబడి, నలభై రెండేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి మేనకోడలికి చెప్పింది. ఇది అప్పట్లో ఒక కుటుంబం ఇల్లు. తొమ్మిదేళ్ళ పాపకు గుండె జబ్బు. ఆ పాపను కనిపెట్టుకుని ఉండటానికి ఇరవై రెండేళ్ళ అత్తను పెట్టుకున్నారు. పాపకు గట్టిగా అరిచే ఓపిక ఉండేది కాదు, అందుకని గ్లాసూ చెంచా ఇచ్చారు. ఏం కావాలన్నా చెంచాతో గ్లాసు మీద కొట్టేది. మధ్యాహ్నం ఆ వేళకి ఎప్పుడూ వెచ్చటి నీళ్ళ కోసమే. ఒక మధ్యాహ్నం అమ్మగారు పాపకు కొత్త చెప్పులు కొనడానికి పట్నం వెళ్ళారు. కింద వంటింటి మెట్ల మీద వంటమనిషితో కూర్చుని అత్త రేడియోలో నాటకం వింటోంది. పైనుంచి చెంచా చప్పుడు వచ్చింది. మంచి పట్టులో ఉంది నాటకం. ఈ ఒక్క ముక్కా అయిపోనీ అనుకుంది. చప్పుడు మళ్ళీ వచ్చింది, మళ్ళీ వచ్చింది, తర్వాత ఆగిపోయింది. హమ్మయ్య, నిద్రపోయింది అనుకుంది.

"పైకి వెళ్ళేసరికి చెంచా ఇంకా చేతిలోనే ఉంది. నేనే తీసి పక్కన పెట్టాను. నిద్రలోనే పోయిందని అందరూ అన్నారు. నేను కాదనలేదు."

మేనకోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. "అత్తా, ఆ గుండెతో ఐదు నిమిషాల ముందు వెళ్ళినా నువ్వేం చేయగలిగేదానివి కాదు. డాక్టరుగా చెబుతున్నా."

"అప్పటి డాక్టరూ అదే అన్నాడు. నేను చావు గురించి మాట్లాడటం లేదే. దాహం గురించి మాట్లాడుతున్నా. ఒక్కతే పడుకుని పిలిచింది. నాకు వినబడింది."

మిగతా పళ్ళేలు వాళ్ళు ముట్టుకోలేదు. ఏమైందోనని చెఫ్ స్వయంగా పైకి వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, చేతుల నిండా కాలిన మచ్చలు. తన వంటలో ఏం లోపం ఉందని అడిగాడు. అత్త లేచి రెండు చేతులూ పట్టుకుంది. "వంటకేం, బంగారం. రోజూ ఈ వేళకి ఆ గట్టు మీద కాసిని వెచ్చటి నీళ్ళు పెట్టించు నాయనా. ఎందుకని అడక్కు." అతను ఆ గ్లాసు వంక చూసి, అడక్కుండానే తలూపాడు.

తిరుగుదారిలో అత్త ఒక్కటే మాట అంది, అమ్మగారికి చెప్పాలని. అమ్మగారికిప్పుడు ఎనభై ఆరేళ్ళు. కూతురు పోయిన దుఃఖంతోనే పట్నంలో ఒంటరిగా బతుకుతోందని అత్త వింటూనే ఉంది.

"వద్దత్తా," అంది మేనకోడలు. "నిద్రలో పోయిందన్న ఒక్క ఊరటా లాగేసుకుంటావా ఆవిడ దగ్గర? ఇప్పుడు చెప్పేది ఆవిడ కోసమా, నీ కోసమా?"

అత్త వారం రోజులు తిండీ నిద్రా లేకుండా తిరిగింది. ఆదివారం పొద్దున చెప్పులేసుకుని ఒక్కతే బయలుదేరింది.

అమ్మగారు కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. చూపు మందగించినా గొంతు గుర్తుపట్టి, పేరు పెట్టి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుంది. అత్త నేల చూపులు చూస్తూ ఉన్నదంతా చెప్పేసింది. చెప్పడం అయ్యాక తిట్ల కోసం ఎదురుచూసింది. ఏడుపు కోసం ఎదురుచూసింది. ఏదీ రాలేదు.

అమ్మగారు అడిగింది. "ఎన్నిసార్లు కొట్టింది?"

"పధ్నాలుగుసార్లు అమ్మగారూ. మొదట్లో మూడేసి. చివర్న రెండుసార్లూ ఒక్కొక్కటే."

ముసలావిడ పెదవులు కదిలాయి, లెక్క పెట్టుకుంటున్నట్టు. తర్వాత మొహం ఇటు తిప్పింది.

"నాటకం ఏమిటి?"

అత్త నోరు తెరిచింది. రేడియో పెట్టె రంగు గుర్తుంది. వంటమనిషి ఒళ్ళో ఉన్న చేట గుర్తుంది. ఒక ఆడగొంతు ఎవరినో బతిమాలుతూ ఉండటం గుర్తుంది. నాటకం ఏమిటో, ఆ ఆడమనిషి ఎవరో, ఎందుకు బతిమాలుతోందో, ఏదీ గుర్తు రాలేదు.

"తెలీదమ్మగారూ. మర్చిపోయాను."

"సరే. వచ్చే ఆదివారం రా. అప్పటికి గుర్తొస్తుందేమో."

అది క్షమించడమో శిక్షించడమో అత్తకు తెలియలేదు. అడిగే ధైర్యమూ లేకపోయింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వెళ్తూనే ఉంది. అమ్మగారికి తల దువ్వి, గోళ్ళు తీసి, కాసేపు కబుర్లు చెబుతుంది. లేచి వచ్చే ముందు ఆవిడ తప్పకుండా అడుగుతుంది, గుర్తొచ్చిందా అని. లేదంటుంది అత్త. ముసలావిడ తలూపి, మళ్ళీ ఆదివారం ఎంత దూరముందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటుంది.