టెలిస్కోపు బరువు మాయం

సంపూర్ణ సూర్యగ్రహణానికి గంట ముందు, దమ్మపేటలో చెంచురామయ్య డాబా మీద తాను పెట్టిన టెలిస్కోపును తూకంలో నిలిపే ఇనుప బరువు మాయమైందని సుబ్బరత్నం టీచర్ కనిపెట్టింది. బిగింపు వదిలితే గొట్టం తలకిందులవుతుంది. ఇక సూర్యుడి వెంట అదెలా తిరుగుతుంది? బదులుగా రాయి కట్టి చూసింది. జారిపోయింది. మండిపడుతూ మెట్లు దిగి చెంచురామయ్యను నిలదీసింది.

"పెద్దయ్యా, డాబా తాళం మీ దగ్గరే ఉంది. బరువేదీ?"

"నీ గొట్టమే మింగిందేమో సూడు తల్లీ."

"వేళాకోళమా? ఈ గ్రహణం నా బతుకులో మళ్లీ రాదు!"

చెంచురామయ్య పెరటి బావి వైపు చూపించాడు.

"నేనే తీసిన. బావిల పడేసిన. కడుపుతోని ఉన్న నా కోడలు పొద్దుగాల్నుంచి నీ గొట్టం సుట్టే తిరుగుతాంది. మొదటి కాన్పుల బిడ్డ దక్కలే. గ్రహణం సూస్తే ఈ బిడ్డ గూడ దక్కదని భయమైంది. నువ్వు సూడ రమ్మంటే అది నా మాట ఇనదు."