తడి అంటని చేయి

ఈ ఉదయం నుండి నీరు నన్ను తాకడం లేదు. స్నానానికి చెంబు వంచుకుంటే ధార నా తలకు జానెడు ఎత్తున రెండు పాయలుగా చీలి, నన్ను తప్పించుకొని నేలకు దిగుతోంది. ఆచమనానికి అరచేత పోసుకున్న నీరు ముత్యాలై దొర్లి, మోచేతి కొన దాకా నడిచి, అక్కడి నుండి దూకుతోంది.

కారణం నాకు తెలుసు. నిన్న సాయంత్రం పూతల వ్యాపారి ఒకడు సీసాతో వచ్చాడు.

“తామరాకుని చూసి చేశారండి దీన్ని. నానో పూత. కంటికి కనబడనంత సన్నటి నూగు లేస్తది. నీటిచుక్క ఆ కొనల మీదే నిలబడి జారిపోద్ది. గోడలకి, గొడుగులకి, కళ్ళజోళ్ళకి, పట్టుచీరలకి కూడా కొట్టించుకుంటున్నారు మాస్టారూ. బురదంటదు, కూర మరకంటదు.”

“మైల?” అని అడిగాను.

అతడు కొంచెం ఆలోచించి, “అదీ జారిపోద్దండి,” అన్నాడు.

మడిపంచెకు కొట్టించాను. పూజాపీటకు కొట్టించాను. చివరకు రెండు చేతులూ చాపాను.

నేడు మహాలయ అమావాస్య. రెండేళ్ళ క్రితం గతించిన అక్కయ్య భ్రమరాంబ అప్పుడే వచ్చి గడప మీద కూర్చొని ఉంది. ఆస్పత్రి దుప్పటి ఇంకా కప్పుకొనే ఉంది. పెదవులు ఎండిన తులసిదళాల వలె ముడుచుకున్నాయి. తల్లి లేని నన్ను చంకనెత్తి పెంచిన మనిషి. కడపటి ఘడియలో ఆమె మంచినీళ్ళు అడిగితే, పూజ మధ్య నుండి మడిబట్టతో వచ్చానని, నేను రెండడుగులు వెనుకకు జరిగి నర్సును పిలిచాను. నర్సు వచ్చేసరికి అడిగే గొంతు లేదు.

“ఏరా నాన్నా, ఇవాళైనా పోస్తావా?”

“ఇదిగో అక్కయ్యా, ఇప్పుడే.”

యజ్ఞోపవీతం కుడిభుజం మీదికి మార్చి, దర్భ ఉంగరం ధరిస్తాను. తడివేలికి నువ్వులు అంటుకోవాలి. అవి అంటుకోక, చీమల వలె బారు తీరి పళ్ళెంలోకి తిరిగి వెళ్ళిపోతున్నాయి. గోత్రనామాలు చెప్పి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నీరు విడవబోతాను. నీరు పాత్ర అంచు దాకా వచ్చి, నా చేతిని చూసి, వెనుదిరుగుతోంది. మూడు మార్లూ అంతే.

“నీళ్ళక్కూడా దూరం జరగడం నేర్పావుట్రా?” అంటుంది అక్కయ్య. నవ్వబోతే ఆమె పెదవి చిట్లుతోంది. నెత్తురు రావడం లేదు.

వెనుక వాకిట నూకరత్నం అంట్లు తోముతోంది. ఆమె చేతుల నుండి నీరు కారుతోంది. ఇంటిలో నీరు అంటిన చేతులు అవే.

“నూకరత్నం, నీ చేయి ఒకసారి ఇస్తావా?”

“తగలొచ్చాండీ పంతులుగారూ? ముప్పై ఏళ్ళబట్టీ గుమ్మం అవతలే ఉండమన్నారు గదా.”

“ఇవాళ తగలాలి.”

ఆమె గాజులు పైకి ఎగదోసి, మరచెంబు మూత తిప్పినట్టు మణికట్టు వద్ద తిప్పి, కుడిచేతిని తీసి ఇస్తుంది. నాది తీసుకొని తనకు బిగించుకుంటుంది. అటూ ఇటూ తిప్పి చూస్తుంది.

“తేలిగ్గా ఉందండీ. ఎప్పుడూ ఏమీ ఎత్తలేదనుకుంటా. సందేళకి నాది నాకిచ్చెయ్యాలి. ఇంకో రెండిళ్ళ అంట్లున్నాయి.”

కొత్త చేతికి చింతపండు వాసన. దర్భ ఉంగరం దానికి బిగుతవుతోంది. నువ్వులు అంటుతున్నాయి. నీరు దిగుతోంది. అక్కయ్య దోసిలి పట్టి తాగుతోంది.

“ఇంకా,” అంటుంది.

పాత్ర ఖాళీ అవుతుంది. అయినా వేళ్ళ నడుమ నుండి నీరు ఆగదు. నేల నిండుతుంది, కిటికీలు మునుగుతాయి, దేవుడి పటాలు ఒక్కొక్కటిగా తేలుతూ తల మీదుగా పోతున్నాయి. నా చుట్టూ మాత్రం నీరు మూరెడు దూరాన వెండిగోడలా నిలబడి ఉంది. ఆ గోడ లోపల పొడి నేల మీద, పొడి పంచెతో నేను కూర్చొని ఉన్నాను. కుడిచేయి ఒక్కటే గోడను దాటి అవతల తడుస్తోంది. అక్కయ్య దానిని రెండు చేతులా పట్టుకొని తాగుతోంది.

“ఇంకా ఎంత, అక్కయ్యా?”

“రెండేళ్ళ దాహంరా. లాక్కోకు.”

నీటి పైన వెలుతురు ఎర్రబడుతోంది. సంధ్యావేళ. ఎవరో వీధితలుపు తడుతున్నారు. ఒకసారి తట్టి, ఆగి, మళ్ళీ రెండుసార్లు. ఆ తట్టే తీరు నేనెరుగుదును. అది నా చేయి.