సెకనులో పదిహేనో వంతు

"కెమెరా పట్టుకుంటే నీ చెయ్యి వణుకుతాది మే. అది నీ తప్పు గాదులే, కొందరి చేతులంతే," అన్నాడు మునిప్రసాద్, సంగటి ముద్దలో బొటనవేలితో గుంట చేస్తూ.

ఆ గుంటలో కోమలి అనపగింజల పులుసు పోసింది. గరిటె అంచుదాకా నిండి ఉంది. గిన్నె దగ్గర నుంచి కంచం దాకా ఒక్క చుక్క కింద రాలలేదు. మొగుడి మాట నిజమైతే ఈపాటికి నేలంతా పులుసు కావాలి కదా అనుకుంది గానీ పైకి అనలేదు. అనకపోవడం ఆమెకు అలవాటు. చూడడం అంతకంటే పెద్ద అలవాటు.

"మగోళ్ల మిషన్లతో నీకేం పనంట," అంది అత్త రాఘవమ్మ, తమలపాకు ఈనె తీస్తూ. "కంప్యూటర్ ముందర కూసోబెట్టినాడు గదా. ఫ్యాను కింద పని. అది సాలదా నీకు?"

ఫ్యాను కింద పని నిజమే. పలమనేరు బస్టాండు వెనక వీధిలో ముందుగది స్టూడియో, వెనక రెండు గదులు ఇల్లు. పొద్దున వంట, అంట్లు, అత్తకు వేణ్ణీళ్లు అయ్యాక కోమలి ముందుగదికి వచ్చి కూర్చుంటే, నాలుగేళ్లుగా ఈ ఊరి పెళ్లిళ్లన్నీ ఆమె వేళ్ల కిందినుంచే పోయాయి. నల్లని పెళ్లికూతుళ్లను తెల్లగా చెయ్యడం, తాళి కట్టే ఫొటోలో అడ్డమొచ్చిన మేనమామ చెయ్యి తీసెయ్యడం, నూరు పేజీల ఆల్బం కట్టడం అన్నీ ఆమె పనే. ఆల్బం ఆఖరి పేజీలో మాత్రం 'ఫొటోలు, డిజైన్: మునిప్రసాద్' అని ఉంటుంది. ఆ అక్షరాలు కూడా ఆమే టైపు చేస్తుంది.

చెయ్యి వణుకు మొదట్లో లేదు. రెండేళ్ల కిందట మునిప్రసాద్ జ్వరంతో పడుకుంటే, ఒప్పుకున్న ఉయ్యాల పండుగకు వేరే దారిలేక కోమలిని పంపించాడు. కెమెరాను ఆటో మోడ్‌లో పెట్టి ఇచ్చాడు. లైట్ల సంగతంతా అదే చూసుకుంది, బిడ్డ ఆవలించే క్షణాన్ని ఆమె చూసుకుంది. ఆ ఫొటో పెద్దది చేయించి గోడకు తగిలించుకున్నారు వాళ్లు. అప్పటినుంచి సీమంతాలకూ నలుగులకూ ఆడవాళ్లు "లోపల గదికి అక్కను పంపన్నా" అని అడగడం మొదలుపెట్టారు. మొదటిసారి మునిప్రసాద్ నవ్వాడు. రెండోసారి నవ్వలేదు. మూడోసారి, "ఆటో వద్దు, అది నేర్చుకునేవాళ్లకి. నేను పెట్టిస్తా, నువ్వు నొక్కు సాలు," అన్నాడు. వణుకు మొదలైంది ఆ రోజునే.

అలా మూడు వేడుకలు పాడయ్యాయి. చీకటి గదుల్లో మసక మనుషులు. మూడోది నర్సుగా పనిచేసి రిటైరైన కృపామణి ఇంట్లోది, ఆమె చెల్లెలి కూతురి నలుగు. ఇవాళ పొద్దునే ఆమె ఆల్బం చంకన పెట్టుకుని స్టూడియోకి వచ్చింది.

"దీంట్లో నా మొగం యాడుండాదో నువ్వే చూపించప్పా," అంది మునిప్రసాద్‌తో. "చీరను బట్టి గుర్తుపట్టాల్సొస్తా ఉండాది."

"లోపల వెలుతురు లేదక్కా. పైగా మా ఆడమనిషి చెయ్యి..."

"మూడు వారాల్లో మా కూతురు జెస్సీకి సీమంతం గాజులు తొడిగిస్తా ఉండాము. అప్పుడు గూడా ఇట్లే అయితే చిత్తూరునించి వేరే పిల్లను పిలిపించుకుంటా. ముందే చెప్తా ఉండా."

ఆమె వెళ్లాక అతను కోమలి వైపు తిరిగి, "ఇదే నీకు కడాసారి. ఇది గూడా చెడితే ఇంక కెమెరా ముట్టొద్దు," అన్నాడు. బెదిరించినట్టు లేదు ఆ మాట. కాస్త హాయిగా ఉన్నట్టుంది. ఆ హాయి ఎందుకో తెలుసుకోవాలనిపించింది కోమలికి.

మధ్యాహ్నం అత్త నిద్రపోయాక పాడైన ఆ నలుగు ఫొటోలు తెరిచింది. ప్రతి ఫొటో పక్కనా కొన్ని అంకెలు ఉంటాయి. మాత్రల అట్ట వెనక సన్నక్షరాలను చూసినట్టు నాలుగేళ్లు చూసి వదిలేసింది వాటిని. ఇప్పుడు మునిప్రసాద్ తీసిన ఫొటో ఒకటి, తను తీసింది ఒకటి పక్కపక్కన పెట్టింది. అదే ఇల్లు, అదే పూట, అదే కెమెరా. అతని దాంట్లో సెకనులో నూట ఇరవై ఐదో వంతు, 2.8, ఐఎస్ఓ 1600. ఆమె దాంట్లో పదిహేనో వంతు, 8, ఐఎస్ఓ 200. మిగతా రెండు వేడుకల ఫొటోలూ తెరిచింది. అక్కడా తన ఫొటోలన్నింటికీ పదిహేనే.

ఫోన్లో సౌండు తగ్గించి ఒక పిల్ల చెప్పే కెమెరా పాఠాలు విన్నది. తలకెక్కలేదు. బైరెడ్డిపల్లెలో నాయన ఇంట్లో ఆవులుండేవి. రోజూ బడికి ముందు క్యాను మోసుకుని పాలకేంద్రానికి పోయేది. ఆ పాలను తలుచుకున్నాక గానీ సంగతి పట్టుబడలేదు. వెలుతురు పాలనుకుంటే ఫొటో క్యాను. కొళాయి ఎంత వెడల్పుగా తిప్పామన్నది ఒకటి. అదే లెన్సు నోరు. అంకె చిన్నదైతే నోరు పెద్దది, ఆ తిరకాసు దగ్గరే ఆమె రెండు రోజులు ఆగిపోయింది. కొళాయిని ఎంతసేపు తిప్పి ఉంచామన్నది రెండోది. అది షట్టరు. ఆ కాసేపట్లో మనిషి కదిలితే ఆ కదలికంతా క్యానులో పడుతుంది. ఇక ఐఎస్ఓ అంటే నీళ్లు కలపడం. క్యాను నిండుతుంది గానీ పలచనవుతుంది, ఫొటోలో ఇసుక చల్లినట్టు కనబడుతుంది. అయినా చీకటింట్లో కొంచెం నీళ్లు కలపక తప్పదు.

అర్థమైనకొద్దీ అనుమానం పెరిగింది. ఎండలో పెట్టిన అంకెలు మార్చడం మరిచిపోయాడేమో అని మొదట మొగుడి తరఫునే ఆలోచించింది. ఎండలో అయితే అయిదువందలో వంతు ఉండాలి. ఇంట్లో అయితే నూరు దరిదాపుల్లో ఉండాలి. పదిహేను ఎండకూ కాదు, ఇంటికీ కాదు. అతను తీసిన నాలుగువేల ఫొటోలు వెతికింది. పదిహేను ఒక్కదానిలోనూ లేదు.

ఇక చెయ్యి మిగిలింది. అతను మండపానికి పోయిన రోజు స్టూడియోలో మూలన పడున్న పాత కెమెరా తీసి, పదిహేనులో పెట్టి, గోడమీది క్యాలెండరును తీసింది. తిథి, నక్షత్రం, రాహుకాలం, అన్నీ చదువుకునేటట్టు వచ్చాయి. అవే అంకెలతో గుమ్మంలో అత్త బియ్యం చెరుగుతుంటే తీసింది. అత్త చేతులు పొగలా వచ్చాయి. అంటే వణికింది తన చెయ్యి కాదు. బతికున్న మనుషులు కదులుతారు, అంతే. ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడే ఆ ఇంట్లో.

చివరికి టైము చూసింది. కృపామణి ఇంటి వాకిట్లో పందిరి కింద మునిప్రసాద్ ఆఖరి ఫొటో తీసింది పది నలభై రెండుకు, నూట ఇరవై ఐదు. లోపల కోమలి మొదటి ఫొటో పది యాభై ఒకటికి, పదిహేను. నడుమ తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాలూ కెమెరా ఎవరి చేతిలో ఉంది? 'తీసినాక వెనక తెరలో చూడబాకు, బ్యాటరీ అయిపోతాది' అని ఎందుకన్నాడు? ఫ్లాషు బరువని ఎందుకు విప్పి తీసుకున్నాడు?

అడగలేదు. అడిగితే మరిచిపోయానంటాడు. నాలుగేళ్లు పక్కన పడుకున్న మనిషి మీద ఇంత లెక్కగా అనుమానపడుతున్నందుకు తనమీద తనకే ఒకరకమైన అసహ్యం కూడా కలిగింది. మరిచిపోయి ఉండొచ్చు. మూడుసార్లూ మరిచిపోయి ఉండొచ్చు.

గాజుల రోజున కృపామణి ఇంటి వాకిట్లో మునిప్రసాద్ కెమెరా తెచ్చి చేతిలో పెట్టాడు. కోమలి దాని పైనున్న చిన్న తెర వైపు చూసింది. పదిహేను.

ఒక అవకాశం ఇద్దామనిపించింది. అతనికో, తనకో తెలియదు.

"లోపల ట్యూబులైటు ఒకటే ఉండాది. ఈ అంకెలు సరిగ్గానే ఉండాయా?"

మునిప్రసాద్ ఆమె మొహం వైపు చూశాడు. ఇంతకు ముందెప్పుడూ అంకెల ఊసు ఎత్తలేదు ఆమె. "నేను పెట్టింది పెట్టినట్టే ఉండనీ. నువ్వు నొక్కు సాలు," అన్నాడు.

లోపల పదిహేనుమంది ఆడవాళ్లు. ప్రార్థన అయింది. జెస్సీ కుర్చీలో కూర్చుని కడుపు మీద రెండు చేతులూ పెట్టుకుంది. కోమలి గోడవైపు తిరిగి మూడు అంకెలూ మార్చింది. నోరు పెద్దది చేసింది, షట్టరును నూట ఇరవై ఐదుకు తెచ్చింది, నీళ్లు కలిపింది. ఒకటి తీసి చూసింది. చీకటిగా వచ్చింది. ఇది చెడితే తప్పు నిజంగా తనదే, చెప్పుకోవడానికి ఇంకొకరు లేరు. మళ్లీ ఐఎస్ఓ ఒక మెట్టు పెంచింది. తీసింది.

"కొంచెం తెలుపు రానీమ్మా పాపను," అంది ఒక పెద్దామె.

"ఆ రంగుకేం తక్కువ, నా రంగే అది," అని కృపామణి వచ్చి తెరలోకి తొంగి చూసింది. జెస్సీ ఉంది అందులో. నవ్వు ఆపుకోలేక పళ్లతో పెదవి నొక్కుకుంటూ, మణికట్టు దగ్గర ఇరుక్కున్న గాజుతో సహా, ఉన్న రంగులో, ఉన్నట్టే ఉంది. "ఇదిగో, నా మొగం గూడా ఉండాది," అని కృపామణి ఇంకో ఫొటోను పక్కావిడకు చూపించింది. అందరూ నవ్వారు.

అయిపోయాక గేటు దగ్గర మునిప్రసాద్ బండి పక్కన నిలబడి ఫొటోలు చూశాడు. ఒకటి, రెండు, పది. మీటను నొక్కుతున్న వేలు నెమ్మదించింది. తల ఎత్తకుండానే, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవురు నేర్పించినారు నీకు?"

కోమలికి ఆ క్షణందాకా ఒక మూల మిగిలే ఉంది, మరిచిపోయి ఉండొచ్చు అనే మూల. నిజంగా మరిచిపోయినవాడైతే, అయ్యో పదిహేనులో ఇచ్చినానే అని నాలుక కరుచుకునేవాడు. లేదంటే బాగా వచ్చాయని సంతోషపడేవాడు. ఇతను నేర్పినవాడి పేరు అడుగుతున్నాడు.

"నీ ఫొటోలే," అంది. "నావీ నీవీ పక్కపక్కన పెట్టి చూసినాను. అంకెలుంటాయి గదా."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఫోన్లో ఎవుడన్నా..." అని మొదలుపెట్టి ఆపేశాడు. కెమెరాను బ్యాగులో పెట్టి జిప్పు లాగి, "బండి ముందర పెట్టుకుంటా," అని తీసుకుపోబోయాడు. కోమలి బ్యాగు పట్టీ అందుకుని తన భుజానికి తగిలించుకుంది.

"నా దగ్గరే ఉండనీ."

అప్పుడే కృపామణి ఫోన్ పట్టుకుని గేటు దాకా వచ్చింది. "బిడ్డ పుట్టినాక మళ్లా పిలవాల గదా. నంబరు చెప్పండి, ఎక్కించుకుంటా."

మునిప్రసాద్ జేబులోంచి స్టూడియో కార్డు తీశాడు.

"రాసుకో అక్కా," అంది కోమలి, తన నంబరు చెప్పడం మొదలుపెడుతూ. ఒక్కో అంకె దగ్గరా ఆగి, కృపామణి వేలు ఫోన్ మీద పడేదాకా చూసి, తర్వాతిది చెప్పింది. మునిప్రసాద్ చేతిలో కార్డు అలాగే ఉంది. కృపామణి మొత్తం ఒకసారి చదివి వినిపించింది. నడుమ ఒక అంకె తప్పు పడింది.

కోమలి దిద్దింది.