కిళ్లీమూతి

నేను ఒక ముఖాన్ని. మనిషి ముఖాన్ని కాదు లెండి, గడియారం ముఖాన్ని. డయల్ అంటారు. అదీ గోడకు వేలాడే గడియారానిది కాదు, సముద్రంలోకి దిగేవాళ్లు మణికట్టుకు కట్టుకునే ఖరీదైన చేతిగడియారానిది. మా కంపెనీ పేరు చెబితే గొప్పలు పోతున్నాననుకుంటారు కాబట్టి చెప్పను. ఇప్పుడు నా మీద ముళ్లు లేవు, అద్దం లేదు, నా వెనక తిరిగే చక్రాలూ లేవు. అవన్నీ ఇంకో ముఖం కింద పనిచేస్తున్నాయి. అది ఎలా జరిగిందో చెబుతాను.

మంచు కురిసే దేశంలో, ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. పలచటి ఇత్తడి బిళ్ల, దాని మీద నల్లరంగు, ఆ నలుపు మీద తెల్ల అక్షరాలు. గంటల చోట చుక్కలు. అవి చీకట్లో వెలగడానికి ఒకావిడ సన్నటి కుంచెతో రేడియం పూత పెట్టింది. ముళ్లు తిరిగే చోటుకు కాస్త కింద, ఈ గడియారం ఎంత లోతు దాకా దిగగలదో చెప్పే ఒక చిన్న వరస ఉంటుంది. నేను తయారైన ఏడాది ఆ వరసను ఎర్రరంగులో అచ్చు వేశారు, మీటర్లు ముందు, అడుగులు వెనక. కొన్నేళ్లకే అక్కడ ఎవరో పెద్దమనిషికి ఎరుపు చవకబారుగా కనిపించింది. ఇంకెవరికో అడుగులు ముందుంటే బాగుంటుందనిపించింది. దాంతో నా తర్వాత పుట్టిన చెల్లెళ్లకు ఆ వరస తెల్లగా వచ్చింది, అడుగులు ముందుకొచ్చాయి, చుక్కల చుట్టూ సన్నటి వెండి అంచు చేరింది. అంతే తేడా. పెళ్లాం ముక్కుపుడక మార్చినా ఆర్నెల్లకు గాని గమనించని మగవాళ్లు, మా ముఖాల్లో ఇలాంటి తేడాల కోసం భూతద్దాలు పట్టుకుని తిరుగుతారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

మొదట నన్ను కొన్నవాడు ఒక విదేశీ ఓడలో ఇంజనీరు. సముద్రపు లోతుల కోసం చేసిన గడియారాన్ని కట్టుకుని అతను ఏనాడూ మోకాలు దాటి నీళ్లలోకి దిగలేదు. నాకు తగిలిన తడి అంతా సూపు, సబ్బునురుగు, అప్పుడప్పుడూ ఐసుముక్కలు వేసిన గ్లాసు. ఆ ఓడ విశాఖపట్నం రేవు బయట లంగరు వేసినప్పుడు నీళ్లకింద దాన్ని నడిపే ఫ్యాను రెక్కలకు తాళ్లు చుట్టుకుపోయాయి. వాటిని కోయడానికి దిగినవాడు మైలపల్లి ఎల్లాజీ. పని ముగించి పైకొచ్చి, వణుకుతూ టీ తాగుతున్న అతన్ని ఇంజనీరు కాసేపు చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, గడియారం విప్పి అతని చేతికి కట్టేశాడు. నేను పుట్టిన ఇన్నేళ్లకు అసలు ఉద్యోగంలో చేరాను.

ఎల్లాజీ జాలరి ఇంట్లో పుట్టి, వల వదిలిపెట్టి, కాంట్రాక్టర్ల దగ్గర డైవరుగా కుదిరినవాడు. ఓడల అడుగున పట్టిన గుల్ల గోకడం, మునిగిన పడవలకు గొలుసులు తగిలించడం అతని పని. ఇంగ్లీషు అక్షరం రాదు, చుక్కల్ని బట్టే టైము చూసుకునేవాడు. కింద ఎంతసేపు ఉన్నాడో, ఎప్పుడు పైకి రావాలో తెలియాలంటే నేనే దిక్కు. అవసరం ఉన్నవాడు చూసే చూపు వేరుగా ఉంటుంది. ఆ చూపు ఇంజనీరు దగ్గర నేనెప్పుడూ ఎరగను.

అతని భార్య దేముడమ్మ చేపలు అమ్మేది. మొప్ప ఎత్తి చూసి, ఆ చేప ఎప్పుడు వలలో పడిందో చెప్పేసే మనిషి. మొదటిరోజు నన్ను వెలుగులోకి పట్టుకెళ్లి అటూ ఇటూ తిప్పింది.

“ఇదేటి, నల్లమొకానికి ఎర్రమూతి. కిళ్లీ నమిలినట్టున్నాది,” అంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా పేరు కిళ్లీమూతి. కంపెనీవాళ్లు పెట్టిన పేరు కంటే నాకు ఇదే నచ్చింది. అతను పని నుంచి రాగానే ముందు మంచినీళ్లతో నన్ను కడిగి, కొంగుతో తుడిచి, ఆ తర్వాతే అతనికి అన్నం పెట్టేది.

“నాకన్నా దానికే మర్యాద ఎక్కువైపోనాది,” అని ఎల్లాజీ నిష్ఠూరమాడేవాడు.

“నిన్ను పైకి తెచ్చీది అదే గదా,” అనేది ఆవిడ.

కాలం గడియారాలను కూడా వదలదు. నా చుక్కలు ఆరిపోయాయి. అద్దం అంచులోంచి చెమ్మ దిగడం మొదలైంది. రేవులో నీళ్లకింద చెయ్యి చాస్తే చెయ్యి కనబడదు, అక్కడ వెలగని ముఖంతో డైవరుకు ఏం పని? ఎల్లాజీ నన్ను వన్ టౌన్లో సోమలింగం షాపుకు తీసుకెళ్లాడు. ఈ సోమలింగం గడియారాలు బాగుచేస్తూ మాట్లాడతాడో, మాట్లాడుతూ గడియారాలు బాగుచేస్తాడో చెప్పడం కష్టం. పాడైపోయిన ఏదో గడియారంలోంచి తీసిన నా చెల్లెలు ఒకతె అతని దగ్గర ఉంది. తెల్ల వరసది, చుక్కలు ఇంకా వెలుగుతున్నాయి. మాటల్లోనే నన్ను ఊడదీసి, నా చోట దాన్ని బిగించాడు. అద్దం మార్చాడు, కొత్త పట్టా వేశాడు.

ఎల్లాజీ చేతికి కట్టుకుని చూసి నవ్వాడు. “మూతి కడిగేసుకున్నట్టున్నాది. ఈ పాతదాన్ని జాగర్తగా ఉంచు బాబూ. ఇటునుంచిటే పనికెల్లిపోతన్నాను, ఒచ్చినాక అట్టుకెల్తాను. మా ఇంటిదాన్ని అడక్కండా మార్చేసినాను గదా, సంజాయిసీ సెప్పుకోవాల.”

నన్ను చిన్న కాగితంలో చుట్టి సోమలింగం తన బల్ల సొరుగులో పెట్టాడు. నా ఒళ్లు నన్ను వదిలి, ఎల్లాజీ చేతిమీద వెళ్లిపోయింది.

తర్వాతి సంగతి షాపుకొచ్చిన డైవర్ల మాటల్లో విన్నాను. ఒడ్డుకు చాలా దూరంలో మునిగిన బార్జి దగ్గర పని. నీటి ఒరవడి ఉన్నట్టుండి తిరిగింది. కిందికి దిగిన ఎల్లాజీ పైకి రాలేదు, అతని నడుముకు కట్టిన తాడు మాత్రం తెగి తేలింది. ఎంత వెతికినా మనిషి దొరకలేదు. ఆ పూట సోమలింగం ఒక్క గడియారం కూడా విప్పలేదు.

కొన్ని వారాలు గడిచాక ఒక పొద్దున షాపు ముందు చేపల గంప దించిన చప్పుడైంది. సొరుగులో ఉన్నా గొంతు గుర్తుపట్టాను.

“ఇది ఎవుల్దో కనుక్కోవాల బాబూ,” అంటూ దేముడమ్మ బల్లమీద ఒక గడియారం పెట్టింది. భర్త ఏ షాపులో బాగుచేయించుకునేవాడో ఆవిడకు తెలియదు. గడియారాల షాపులన్నీ వరసగా తిరుగుతూ ఇక్కడికి వచ్చింది.

ఎక్కడో ఉత్తరాన ఒడ్డుకు ఒక శవం కొట్టుకొచ్చిందట. మనిషి గుర్తుపట్టేలా లేడు, అక్కడివాళ్లు అక్కడే పూడ్చేశారు. చేతికున్న గడియారాన్ని కాంట్రాక్టరు మనిషి తెచ్చి, ఇది మీ ఆయనదేనని ఆవిడ చేతిలో పెట్టిపోయాడు. వాళ్లుండే జాలర్ల పేటలో అందరూ అవునన్నారు. ఆవిడ ఒక్కతే కాదంది.

“మాదానికి ఎర్రమూతి. దీనికి నేదు. రోజూ కడిగినదాన్ని, నాకు తెలీదా? అంచు నొక్కులు అలగే ఉన్నాయంటారు. నీళ్లలో పనిసేసీవోల్లయన్నీ అలగే నొక్కుకుపోతాయి. ఆయన ఏ ఓడోల్లకో దొరికుంటాడు, ఏ దేశమో అట్టుకుపోయుంటారు. ఒత్తాడు. ఇది మాత్తరం ఇంకోడిది. ఆడి ఇంటిది ఎక్కడో ఎదురుసూత్తా ఉంటాది, దానికి అందించాల.”

సోమలింగం గడియారాన్ని దగ్గరికి లాక్కున్నాడు. చూడగానే అతనికి తెలిసిపోయింది, ఆ పట్టా వేసింది తనే. “కనుక్కుంటానమ్మా,” అన్నాడు.

సొరుగు తెరవకపోతే బాగుండునని నేను గట్టిగా కోరుకున్నాను. ఆవిడ ఆశంతా నా మీది ఎర్రవరసను పట్టుకుని ఉంది. ఎక్కడో ఫ్యాక్టరీలో ఎవరో రంగు మార్చారు, అందువల్ల ఇక్కడ ఒక మనిషి ఇంకా బతికే ఉన్నాడు. అలాంటివాణ్ణి చంపడానికి నన్ను వాడతారేమోనని భయపడ్డాను.

ఆ మధ్యలోనే హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు, పాత గడియారాలు పోగుచేసే సరదా ఉన్నవాడు. సోమలింగం ఇంకేదో వెతుకుతుంటే సొరుగులో కాగితం విడి బయటపడ్డ నన్ను చూసి కళ్లు పెద్దవి చేశాడు. భూతద్దం పెట్టి, మీటర్లు ముందున్నాయనీ, ఎరుపు కింద తెలుపు కనబడుతోందనీ, ఇవి కొద్దికాలమే వచ్చాయనీ మురిసిపోయాడు. నా గురించి నాకు తెలియనివి కూడా చెప్పాడు. ఇది ఎవరిదని మాత్రం అడగలేదు. సోమలింగం అమ్మనని, నన్ను మళ్లీ కాగితంలో చుట్టి సొరుగు మూసేశాడు.

దేముడమ్మ మళ్లీ వచ్చింది. ఆ తర్వాత కూడా వచ్చింది. చేతి నిండా గాజుల చప్పుడు అలాగే ఉంది, నుదుట బొట్టూ తీయలేదట. కర్మ జరిపించమని పేటలో పెద్దలు పోరుతుంటే ఒప్పుకోలేదట. రోజూ ఇద్దరికీ అన్నం వండుతున్నాననీ, పొద్దున్నే ఆయన వంతు తనే చద్దన్నంగా తింటున్నాననీ చెప్పింది. ప్రతిసారీ సోమలింగం ఇంకా తెలియలేదనే అన్నాడు. చివరిసారి వచ్చినప్పుడు ఆవిడ లేచి వెళ్లబోయి, ఆగింది.

“నాకు నిద్దర పట్టట్లేదు బాబూ. ఆడి ఇంటిది కూడా నాలాగే గుమ్మంలో కూసునుంటాది. పోయినాడని తెలిత్తే ఏడుత్తాది, గుండె రాయి సేసుకుంటాది. తెలక కూసోడం కన్నా అది నయం గదా. దానికెవులూ సెప్పరేటి?”

సోమలింగం కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. సొరుగు లాగి, కాగితం విప్పి, నన్ను బల్లమీద ఆ గడియారం పక్కనే పెట్టాడు. “ఎల్లాజీ పనికెళ్లే ముందు నేనే మార్చానమ్మా. చుక్కలు వెలగట్లేదని. నీకు చెప్పే తీరిక దొరకలేదు అతనికి,” అన్నాడు.

ఆవిడ నన్ను చేతిలోకి తీసుకుంది. వేలితో ఎర్రవరస మీద ఒకసారి రాసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నన్నూ, పక్కనున్న నా చెల్లెలినీ మార్చి మార్చి చూసి, చాలా చిన్న గొంతుతో అడిగింది.

“అయితే ఆడి ఇంటిది నానేనా బాబూ?”

సోమలింగం తల దించుకున్నాడు. పాత ముఖాన్నే మళ్లీ బిగించి ఇస్తానన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

“ఒద్దు. ఆయన ఆకరికి సూసిన మొకం ఇది. దీన్నిలగే ఉండనీ.”

నాకు బాధ కలిగింది, దాచుకోవడం దేనికి. ఇన్నేళ్లు అతని చేతిమీద ఉన్నది నేను. ఆ ఇంట్లో పేరు సంపాదించుకున్నది నేను. కానీ ఆవిడ అన్నది నిజం. కింద, ఆ చీకట్లో అతను ఊపిరి లెక్క చూసుకున్నది నా చెల్లెలి ముఖంలో. నేనప్పుడు సొరుగులో వెచ్చగా పడుకుని ఉన్నాను.

“మరి దీన్నేం చేస్తావమ్మా?” అని నన్ను చూపించి అడిగాడు సోమలింగం.

“ఇది నానెరిగిన మొకం. ఇయ్యి, పనుంది,” అంది.

పేటలో కర్మ జరిపించారు. శవం లేదు, బూడిద లేదు. గంగలో కలపడానికి ఏముందని పెద్దలు అడిగితే, దేముడమ్మ కొంగు ముడి విప్పి నన్ను చూపించింది. ఎవరూ కాదనలేదు. అలలు తగ్గిన చోట నడుం లోతు దాకా నడిచి వెళ్లింది. గాజులు లేని ఆ చెయ్యి తేలిగ్గా ఉంది, నన్ను మాత్రం గట్టిగా పట్టుకుంది.

మన ఇళ్లల్లో గడప దాటేవాళ్లను ‘వెళ్లు’ అని పంపరు. కోపంలో ఉన్నా, తొందరలో ఉన్నా, ‘వెళ్లి రా’ అంటారు. ఒడ్డున పేటంతా నిలబడి చూస్తుండగా, దేముడమ్మ నన్ను నీళ్లకు దించి, గుప్పిట విప్పింది.

“ఎల్లు,” అంది.