ఒకటే మైల

డెబ్బై రెండు కరువులో నేను నాందేడ్‌లో ఒక చిన్న దవాఖానలో, కాన్పుల వార్డులో ఆయాను. నా పేరు సంగవ్వ, ఊరు కర్ఖేలి. పని తక్కువ, నోరెక్కువ అని నా వెనక అనేవాళ్లు. పని తక్కువన్నది మాత్రం పచ్చి అబద్ధం.

కొత్తగా వచ్చిన ఉమాబాయి సిస్టర్ వార్డు గుమ్మం దగ్గర ఒక బకెట్టు నీళ్లు, సబ్బు పెట్టించింది. ఒక బాలింతను ముట్టి ఇంకో బాలింత దగ్గరికి పోబోతే చాలు, "హాత్ ధువా, సంగవ్వా! చేతులు కడుగు!" అని వెంటపడేది. నాకు ఒళ్లు మండేది. పురిటి మైలకు నేను రోజూ ఇంటికి పోయి తలమీంచి నీళ్లు పోసుకుంటాను కదా! ఒకసారి మైలపడ్డాక పదిమందిని ముట్టినా అదే మైల. నిండా మునిగినవాడికి చలేమిటి?

"మైల మీద మైల ఎక్కదు సిస్టర్‌బాయీ. తాగనీకే నీళ్లు లెవ్వు, చేతులకు ఏడికెల్లి తేవాలె?" అన్నాను. తోటి ఆయాలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

మంగళవారం పొద్దున, రెండు రోజుల బాలింత ఇందుబాయిని శుభ్రం చేస్తున్నాను. ఆమెది ఉమ్రి. పక్క మంచం మీద నా బిడ్డ చంద్రభాగ తొలికాన్పు నొప్పులతో "అవ్వా!" అని అరిచింది. బకెట్టు నాలుగడుగుల దూరంలోనే ఉంది. నేను అటు చూడనైనా లేదు. మనుమరాలు నా చేతుల్లోనే పుట్టింది.

మధ్యాహ్నానికి ఇందుబాయికి చలిజ్వరం వచ్చింది. సాయంత్రానికి పొట్ట ఉబ్బి, మాట తడబడింది. దుప్పటి ఎత్తి చూసిన సిస్టర్ మొహం పాలిపోయింది.

"ఈమె కాన్పుకు ముందు ఎవర్ని ముట్టినవ్?"

"పుండు చీముపట్టినామెను."

"ఇయ్యాల ఈమె తర్వాత?"

నేను పక్క మంచంవైపు చూశాను. "చంద్రభాగను. కడుక్కున్న" అన్నాను.

సిస్టర్ గొంతు తగ్గించింది. "ఈ జ్వరం చేతులమీద నడుస్తది. కడుక్కోకుంటే ఇప్పుడే సూదులు మొదలువెట్టాలె. జ్వరం అచ్చేదాంక ఆగితే నీ బిడ్డ దక్కదు. నిజం జెప్పు."

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే బిడ్డ పోతుంది. అక్కడే కూలబడ్డాను. "కడుక్కోలే, సిస్టర్‌బాయీ. ఎప్పుడూ కడుక్కోలే."

చంద్రభాగను వేరే గదిలోకి మార్చి, పూటపూటకూ సూదులు వేశారు. సిస్టర్ నన్ను ఒక్క ఇందుబాయి దగ్గరే ఉంచింది; ఆమె పని కాగానే, మూడు రోజులూ నేను బిడ్డ గది గడపలోనే కూర్చున్నాను. నుదురు ముట్టి జ్వరముందో లేదో చూసే ధైర్యం కూడా లేదు. అది దుప్పటి లాక్కుంటే చలేమోనని గుండె ఆగేది. నా చేతులను చూసి నేనే జడుసుకునేదాన్ని. చంద్రభాగకు జ్వరం రాలేదు. నాలుగోరోజు పొద్దున ఇందుబాయి చనిపోయింది.

ఆమె బట్టలు మూటగట్టి, చేతులు కడుక్కోవడానికి గుమ్మంవైపు వస్తున్నాను. ఆమె పెనిమిటి పోశన్న ఎదురొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"ఆఖర్దాంక నువ్వే జూసినవక్కా. నీ చేతులు సల్లగుండాలె."

"ముట్టకు!" అని లాక్కోబోయాను.

"ఏం గాదక్కా. నేనెట్లన్నా మైలల్నే ఉన్న గదా" అని, ఏడుస్తూనే తన పసిగుడ్డును ఎత్తుకోవడానికి ఉయ్యాలవైపు తిరిగాడు.

"పోశన్నా, ఆగు! చేతులు కడుగు!" వార్డంతా దద్దరిల్లేలా అరిచాను.

అతను బిత్తరపోయి నిలబడ్డాడు. "ఎందుకక్కా?"

నేనే బకెట్టు తెచ్చి అతని ముందు పెట్టాను.

"నీ ఇందుబాయిని సంపింది గీ చేతులే, తమ్మీ."